బైపీసీ చదివి ఐసర్ బీఎస్-ఎంఎస్‌లో చేరితే నాలుగు సైన్సులూ నెట్టుకురాగలనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: ఇంటర్ బైపీసీ అయింది, ఐసర్ (సైన్సు చదువుకూ పరిశోధనకూ పెట్టిన కేంద్ర సంస్థ) ఆప్టిట్యూడ్ టెస్టు ద్వారా తిరుపతి ఐసర్‌లో ఐదేళ్ల బీఎస్-ఎంఎస్ సీటు వచ్చింది. మొదటి రెండేళ్లు ఫిజిక్స్, కెమిస్ట్రీ, మ్యాథ్స్, బయాలజీ అన్నీ చదవాలంటున్నారు. పదో తరగతి తర్వాత లెక్కల మొహం చూడలేదు. నెట్టుకురాగలనా? అన్నీ కొంచెం కొంచెం చదివి చివరికి ఎందులోనూ పట్టు లేకుండా మిగులుతానా?

సూటి జవాబు: నెట్టుకురాగలరు. చేరేలోపు ఉన్న సమయమంతా, ఆ తర్వాత మొదటి సెమిస్టరంతా రోజుకు గంటన్నర లెక్కలకు తీసిపెడితే చాలు. రెండో భయం పూర్తిగా ఉత్తది కాదు. కానీ మొదటి రెండేళ్లు నాలుగూ చదివినందుకు ఎవరి చదువూ పల్చబడదు. మూడో ఏడు వచ్చాక కూడా నాలుగింటినీ వదల్లేక పట్టుకు వేలాడేవాళ్లదే పల్చబడుతుంది. ఆ సంగతి కింద వివరంగా చెబుతాను. ముందు లెక్కలు.

ఇంటర్ మ్యాథ్స్ మొత్తం చదవక్కర్లేదు. తెలుగు అకాడమీ పాత పుస్తకాలు నాలుగూ (1ఎ, 1బి, 2ఎ, 2బి) సెకండ్‌హ్యాండ్‌లో తెచ్చుకుని ఈ వరసలో పట్టండి. మొదట 1ఎ నుంచి ఫంక్షన్లు, ట్రిగనామెట్రీ నిష్పత్తులు. తర్వాత 1బి నుంచి లిమిట్స్, డిఫరెన్షియేషన్, దాని అనువర్తనాలు. ఆ వెంటనే 2బి నుంచి ఇంటిగ్రేషన్, డెఫినిట్ ఇంటిగ్రల్స్, డిఫరెన్షియల్ ఈక్వేషన్స్. ఇవి అయ్యాక మళ్లీ 1ఎకి వచ్చి మాట్రిక్సులు, వెక్టర్లు. చివరగా 2ఎ నుంచి కాంప్లెక్స్ నంబర్లు, పర్ముటేషన్లు, బైనామియల్ థీరమ్, ప్రాబబిలిటీ. సరళరేఖాయుగ్మాలు, వృత్త సరణులు, త్రిభుజ ధర్మాలు, థియరీ ఆఫ్ ఈక్వేషన్స్ నిక్షేపంగా వదిలేయండి. వాటికి ఎంట్రన్సుల్లో మార్కులు ఉంటాయి గానీ మీకు మొదటి ఏడాది వాటితో పని పడదు.

డిఫరెన్షియేషన్‌లో చైన్ రూల్ ఆలోచించకుండా చేతికి వచ్చేయాలి. దానికి నూట యాభై లెక్కల దాకా చేతితో చేయాల్సిందే, వీడియో చూస్తే రాదు. ఇంటిగ్రేషన్‌లో మూడు పద్ధతులు చాలు: సబ్‌స్టిట్యూషన్, బై పార్ట్స్, పార్షియల్ ఫ్రాక్షన్స్. రిడక్షన్ ఫార్ములాల జోలికి పోవద్దు. బైపీసీ పిల్లలు చిక్కుకునేది చాలాసార్లు కాలిక్యులస్‌లో కాదు, దానికి కింద ఉన్న బీజగణితంలో. లాగరిథమ్ సూత్రాలు, ఘాతాంకాలు, భిన్నాన్ని ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మార్చడం లాంటివి పదో తరగతితోనే ఆగిపోయి ఉంటాయి. మొదటి వారం వాటికే ఇవ్వండి. మ్యాథ్స్ లేకుండా వచ్చినవాళ్లకు మీ క్యాంపస్‌లో ప్రత్యేక తరగతులు పెడితే, పరువుకు పోయి మానేయొద్దు.

ఎంపీసీ వాళ్లతో పోల్చుకుని కుంగిపోవద్దు. యూనివర్సిటీ మ్యాథ్స్‌లో మొదటి దెబ్బ తగిలేది చాలావరకు వాళ్లకే. కోచింగ్‌లో నిమిషానికో బిట్టు కొట్టిన చేతికి ఇక్కడ నిరూపణ రాయమంటారు. లిమిట్ నిర్వచనమే చూడండి: ‘ప్రతి ధన ఎప్సిలాన్‌కూ ఒక డెల్టా ఉంటుంది’ అని రాయాల్సిన చోట ‘ఒక డెల్టా ఉంటుంది, అది ప్రతి ఎప్సిలాన్‌కూ సరిపోతుంది’ అని రాస్తారు. మాటల వరస మారింది, అర్థమే మారిపోయింది. మొదటిదాంట్లో ఎప్సిలాన్‌ను బట్టి డెల్టాను ఎంచుకోవచ్చు, రెండోదాంట్లో ఒకే డెల్టాతో అన్నిటికీ సరిపెట్టాలి. ఈ తేడాను గుర్తించే అలవాటు ఇంటర్ ఎవరికీ నేర్పదు. కాబట్టి ఇక్కడ మీరూ వాళ్లూ ఒకే గీత మీద ఉన్నట్టే లెక్క.

వాళ్లకి బయాలజీతో ఇబ్బంది ఇంకో రకం. అది బట్టీ సబ్జెక్టని వాళ్ల నమ్మకం. డీఎన్‌ఏ సగం పాతది, సగం కొత్తది అవుతుందని 1958లో మెసెల్సన్, స్టాల్ నిరూపించారని రాస్తే పరీక్షలో పెద్దగా మార్కులు రావు. ‘పాతా కొత్తా ముక్కలు ప్రతి పోగులోనూ కలిసిపోయే పద్ధతే నిజమైతే రెండో తరం తర్వాత బ్యాండ్లు (బరువును బట్టి డీఎన్‌ఏ విడిపడి కనిపించే గీతలు) ఎక్కడ కనబడేవి?’ అని అడుగుతారు. మొదటి తరంలో రెండు ఊహలకూ ఒకే మధ్యస్థ బ్యాండు వస్తుంది, తేడా తెలియదు. రెండో తరంలో నిజంగా కనిపించింది మధ్యస్థంలో ఒకటి, తేలికలో ఒకటి. ఆ ఇంకో ఊహ నిజమైతే మధ్యస్థానికీ తేలికకీ నడుమ ఒకటే బ్యాండు రావాలి. మీరు బయాలజీ పిల్లలే అయినా ఇలాంటి ప్రశ్నలు ఇంటర్‌లో చూసి ఉండరు. నీట్ బిట్ల ధోరణిలో చదివితే మీ సొంత సబ్జెక్టులోనే బి గ్రేడుతో సరిపెట్టుకోవాల్సి వస్తుంది.

ఇక నాలుగూ కలిపి ఎందుకు చదివిస్తారు? దీనికి బ్రోషర్ భాషలో జవాబు చెప్పను, ఒక లెక్క చూపిస్తాను.

ఇంటర్ కెమిస్ట్రీలో ఫస్ట్ ఆర్డర్ చర్యకు ఫార్ములా బట్టీపట్టారు కదా, ముందు 2.303 ఉంటుంది. అది ఎక్కడిదని ఎవరూ చెప్పి ఉండరు. అది 10కి సహజ లాగరిథమ్, అంతే. దాని వెనక ఉన్న మాట ఒకటే: ఒక పదార్థం తరిగే వేగం ఆ క్షణంలో ఎంత మిగిలి ఉందో దానికి అనులోమంగా ఉంటుంది. సగానికి తగ్గే కాలం కావాలంటే 0.693ని రేటు స్థిరాంకంతో భాగించాలి. ఫిజిక్స్‌లో కార్బన్-14కు ఇది 5,730 ఏళ్లు. అదే ఫిజిక్స్ ల్యాబ్‌లో 10 కిలోఓమ్ రెసిస్టర్, 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ కలిపితే చార్జి సగం కావడానికి 0.69 సెకను. బయాలజీలో ఒంట్లోకి వెళ్లిన కెఫీన్ సగానికి రావడానికి సుమారు 5 గంటలు. గుర్తు మార్చి తరగడాన్ని పెరగడం చేస్తే, 20 నిమిషాలకోసారి రెట్టింపయ్యే ఇ.కోలై బ్యాక్టీరియా రేటు నిమిషానికి 0.035. నాలుగు తరగతుల్లో నలుగురు మాస్టార్లు నాలుగు పేర్లతో చెప్పే సమీకరణం ఒకటే. నాలుగుసార్లు విడివిడిగా బట్టీపడితే నాలుగు రెట్ల చాకిరీ, ఒక్కసారి సాధిస్తే నాలుగు చోట్లా పనికొస్తుంది. ఎంజైముల్లో మైఖేలిస్-మెంటెన్ సమీకరణం, ఉపరితలం మీద వాయువు అంటుకునే లాంగ్‌మ్యూర్ సమీకరణం కూడా ఇలాగే ఒకే ఆకారంలో ఉంటాయి: మొదట సరళరేఖలా లేచి, చోటు నిండేకొద్దీ పైన చదునవుతుంది.

కాబట్టి నాలుగు నోట్సులతో పాటు ఐదోది ఒకటి పెట్టుకోండి. ఏ తరగతిలో కొత్త సమీకరణం వచ్చినా దాని ఆకారం, అది మిగతా సబ్జెక్టుల్లో ఎక్కడ తగిలిందో ఆ పుస్తకంలో ఒక్క వాక్యం రాయండి. సెమిస్టరు చివరకు ఇరవై పేజీలు కూడా కావు. పరీక్షల ముందు అన్నిటికన్నా ఎక్కువ తీసేది ఆ పుస్తకాన్నే.

యూనిట్ల దగ్గర జాగ్రత్త. ఒకే శక్తిని ఫిజిక్స్ మాస్టారు ఎలక్ట్రాన్ వోల్టుల్లో, కెమిస్ట్రీ మేడమ్ మోలుకు కిలోజౌల్స్‌లో చెబుతారు. రెంటినీ కలిపి చూసే అలవాటు లేకపోతే ఏది పెద్దదో ఏది చిన్నదో తెలియదు. ఈ నాలుగూ నోటికి రావాలి: 1 ఎలక్ట్రాన్ వోల్టు అంటే మోలుకు 96.5 కిలోజౌల్స్. గది ఉష్ణోగ్రతలో అణువుల ఊగిసలాట శక్తి మోలుకు సుమారు 2.5 కిలోజౌల్స్. నీటిలో హైడ్రోజన్ బంధం సుమారు 20. కార్బన్-కార్బన్ ఒంటి బంధం సుమారు 350. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి చూస్తే, డీఎన్‌ఏను వేడిచేసినప్పుడు రెండు పోగులూ విడిపోతాయి గానీ ఒక్కో పోగు తెగిపోదెందుకో మీకే తడుతుంది. ఇంకో ఉచ్చు: థర్మోడైనమిక్స్ మొదటి సూత్రం. ఫిజిక్స్ పుస్తకాల్లో చాలావరకు వేడిలోంచి పని తీసేస్తారు, కెమిస్ట్రీ పుస్తకాల్లో వేడికి పని కలుపుతారు. రెండూ ఒప్పే, ‘పని’ ఎవరు చేసినట్టు లెక్క అన్నదే తేడా. జవాబు మొదటి పంక్తిలో ఏ పద్ధతి వాడుతున్నారో రాయండి. లేకపోతే గుర్తు తారుమారై ఉన్న మార్కులూ పోతాయి.

ల్యాబుల గురించి కాస్త ఎక్కువే చెప్పాలి, ఎందుకంటే సమయం తినేది అవే. ఒక్కో ల్యాబు మధ్యాహ్నం మూడు గంటలు, వారానికి రెండో మూడో. తరగతి తర్వాత రికార్డు రాయడానికి ఇంకో రెండు గంటలు. ఆ రెండు గంటలూ అదే సాయంత్రం పెట్టాలి. శనివారం రాద్దాంలే అనుకుంటే రీడింగులు ఏ కాలమ్‌వో గుర్తుండవు, పక్కవాడి రికార్డు దిక్కవుతుంది.

మూడు ల్యాబుల్లోనూ ‘తప్పు’ అన్న మాటకు అర్థం మూడు రకాలు. ఫిజిక్స్‌లో గురుత్వ త్వరణం (g) కొలిచే లోలకం ప్రయోగం తీసుకోండి. పొడవు 100 సెంటీమీటర్లు, కొలతలో 0.1 అటూ ఇటూ. 20 డోలనాలకు 40.1 సెకన్లు, స్టాప్‌వాచ్ నొక్కడంలో 0.2 సెకను అటూ ఇటూ. పొడవులో తప్పు నూటికి 0.1. కాలంలో నూటికి 0.5, కానీ సూత్రంలో కాలానికి వర్గం ఉంది కాబట్టి అది 1 అవుతుంది. జవాబు 9.8, అటూ ఇటూ 0.1. 9.820 అని రాసినవాళ్లకు మార్కులు పోయేది ఇక్కడే. ఇంకా మంచి స్కేలు తెచ్చినా లాభం లేదు, 50 డోలనాలు లెక్కపెడితేనే మెరుగు. కెమిస్ట్రీలో టైట్రేషన్ రీడింగులు 0.1 మిల్లీలీటరు లోపు కలవాలి, అవి కలిసేదాకా మళ్లీ చేయాలి. బయాలజీలో ఇబ్బంది ఏమిటంటే, ఒకే గొట్టంలోంచి మూడుసార్లు పిపెట్ చేసి మూడు రీడింగులు తీస్తే అవి మూడు ప్రయోగాలు కావు, ఒకే ప్రయోగాన్ని మూడుసార్లు కొలవడం. మూడు వేర్వేరు కల్చర్లు పెంచితేనే మూడు. మైక్రోపిపెట్‌ను దాని పరిధి అట్టడుగున వాడొద్దు. 20 మైక్రోలీటర్ల పిపెట్‌తో 2 తీసినప్పుడు తప్పు శాతం ఎంత పెరుగుతుందో తూకం వేసి చూస్తే మీకే తెలుస్తుంది.

ఈ మూడూ ఒకే బల్ల మీద కలిసే ప్రయోగం ఒకటుంది, చాలా కళాశాలల్లో చేయిస్తారు కూడా: ఫాస్ఫేట్ అంచనా. మన భీమవరం నుంచి వెళ్లిన యల్లాప్రగడ సుబ్బారావు, హార్వర్డ్‌లో బయోకెమిస్టు ఫిస్కేతో కలిసి 1925లో ప్రచురించిన పద్ధతి. ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి, క్షయకారిణి (రెడ్యూసింగ్ ఏజెంట్) వేస్తే నీలం రంగు వస్తుంది. ఫాస్ఫేట్ ఎంత ఉంటే అంత నీలం. ఆ నీలం ఎంత కాంతిని పీల్చుకుంటుందో 660 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. అడిగేది బయాలజీ ప్రశ్న, చర్య కెమిస్ట్రీ, కాంతి శోషణం ఫిజిక్స్, గీత గీయడం లెక్కలు. చెడిపోయేదీ ముందే తెలిసిన రెండు చోట్లే. ఒకటి, ఫాస్ఫేట్ ఉన్న సబ్బుతో కడిగిన గాజుసామాను: ఫాస్ఫేట్ కలపని బ్లాంకు గొట్టమే నీలమవుతుంది. పలచని ఆమ్లంతో, తర్వాత డిస్టిల్డ్ నీళ్లతో కడగాలి. రెండు, శోషణం రీడింగు 1 దాటాక కూడా గీతను అలాగే పొడిగించడం. అక్కడ సరళరేఖ వంగడం మొదలవుతుంది, శాంపిల్‌ను పల్చచేసి మళ్లీ కొలవాలి.

వారం ఎలా సర్దుకోవాలి? అన్ని సబ్జెక్టులకూ సమానంగా గంటలు పంచడం పెద్ద పొరపాటు. ఒక్కో సైన్సు ఒక్కో రకంగా లొంగుతుంది. మ్యాథ్స్, ఫిజిక్స్ రోజూ కావాలి, మొదటి సెమిస్టరులో లెక్కలకు పైన చెప్పిన గంటన్నర తప్ప గంట చాలు. ఆదివారం ఏడు గంటలు కూర్చుంటే రాదు. ఆర్గానిక్ కెమిస్ట్రీకి తెల్లకాగితం మీద బాణాలు గీస్తూ మెకానిజమ్‌లు వేయాలి, రోజు విడిచి రోజు నలభై నిమిషాలు. బయాలజీ పాఠం విన్న మర్నాటిలోపు ఒకసారి చదివి, పుస్తకం మూసి బొమ్మ వేయాలి. దీన్ని మాత్రం వారాంతానికి కుప్పపోసుకోవచ్చని బైపీసీ పిల్లలు అనుకుంటారు, ఎందుకంటే అలవాటైన సబ్జెక్టు. అక్కడే గ్రేడు జారుతుంది. కంప్యూటింగ్ కోర్సు ఉంటే పైథాన్‌ని ఆటవిడుపుగా చూడొద్దు, తర్వాత ఏ మేజర్ (ప్రధాన సబ్జెక్టు) తీసుకున్నా డేటా పని దాంతోనే.

ఇక మేజర్. అన్ని క్యాంపస్‌ల పాఠ్యక్రమమూ ఒకటి కాదు. పాత పద్ధతిలో నాలుగు సెమిస్టర్లు ఉమ్మడి కోర్సులు, తర్వాత రెండేళ్లు మేజర్, ఐదో ఏడు థీసిస్. కొన్నిచోట్ల ఎంపికలు ముందే మొదలవుతాయి. బెంగళూరు ఐఐఎస్‌సీ (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) నాలుగేళ్ల బీఎస్‌లో అయితే మూడు సెమిస్టర్ల తర్వాతే మేజర్. కాబట్టి మీ బ్యాచ్ హ్యాండ్‌బుక్ చూడండి, సీనియర్లది కాదు. ప్రతి ఏడూ ఏదో ఒకటి మారుస్తూనే ఉంటారు.

నా లెక్కలో మూడో సెమిస్టరు చివరికి వెన్నెముకలా ఒక సబ్జెక్టు తేలాలి. మార్కులు ఎక్కువొచ్చిందని తీసుకోవద్దు. మొదటి ఏడాది మార్కులు ఇంటర్‌లో ఎవరెంత చదివారో చెబుతాయి, అంతే. పరీక్ష అయిపోయాక కూడా ఏ సబ్జెక్టు లెక్కను వదల్లేక మళ్లీ చేశారో అది చూడండి. దాని తోడుకు ఇంకో సబ్జెక్టు నుంచి నాలుగైదు కోర్సులు, అవీ ఒకదాని మీద ఒకటి కట్టినవి. బయాలజీకి ప్రాబబిలిటీ, స్టాటిస్టిక్స్, ప్రోగ్రామింగ్ గొలుసు బాగా పనికొస్తుంది. కెమిస్ట్రీకి క్వాంటమ్ మెకానిక్స్, స్పెక్ట్రోస్కోపీ. అంతేగానీ కొంచెం ఎకాలజీ, కొంచెం ఆస్ట్రానమీ, కొంచెం పాలిమర్లు అన్నీ పరిచయ స్థాయిలో తీసుకుంటే మార్కుల జాబితా కళకళలాడుతుంది, పీహెచ్‌డీ ఇంటర్వ్యూలో రెండో ప్రశ్నకే దొరికిపోతారు. మీరు భయపడ్డ ‘ఎందులోనూ పట్టు లేకపోవడం’ అంటే ఇదే. ఇది సిలబస్ వల్ల కాదు, ఎంపిక వల్ల వస్తుంది. ఇంకోటి, క్వాంటమ్ లాంటి కోర్సులకు ముందు ఫలానా మ్యాథ్స్ కోర్సు చేసి ఉండాలన్న షరతులుంటాయి. కష్టమని రెండో ఏడు ఒక మ్యాథ్స్ కోర్సు వదిలేస్తే మూడో ఏడు రెండు తలుపులు మూసుకుపోతాయి.

వేసవి సెలవుల సంగతి క్లుప్తంగా: మూడు సైన్సు అకాడమీలు కలిసి ఇచ్చే సమ్మర్ ఫెలోషిప్‌కు దరఖాస్తు నవంబరు ప్రాంతంలోనే పెట్టాలి, మేలో గుర్తొస్తే లాభం లేదు. మాస్టారి సిఫార్సు ఉత్తరం కావాలి కాబట్టి సెప్టెంబరులోనే అడగండి. మనకు దగ్గర్లో హైదరాబాద్‌లో కణ, అణు జీవశాస్త్ర పరిశోధనకు సీసీఎంబీ ఉంది, కెమికల్ టెక్నాలజీకి ఐఐసీటీ ఉంది, గోపనపల్లిలో టాటా పరిశోధన సంస్థ టీఐఎఫ్‌ఆర్ ఉంది. ఈ చివరిదాంట్లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ వాళ్లు ఒకే కప్పు కింద పనిచేస్తారు, మీలాంటి చదువుకు బాగా అతుకుతుంది.

మీరు అడగలేదు గానీ ఇంట్లోవాళ్లు తప్పకుండా అడిగేది ఉద్యోగాల అర్హత. పరిశోధన ఫెలోషిప్‌కూ లెక్చరర్ అర్హతకూ రాసే సీఎస్‌ఐఆర్ నెట్ పరీక్ష ఒకే సబ్జెక్టులో రాయాలి: లైఫ్, కెమికల్, ఫిజికల్, మ్యాథమెటికల్, ఎర్త్ సైన్సెస్‌లో ఏదో ఒకటి. అక్కడ మీ మేజరే దిక్కు. మన రాష్ట్రాల్లో జూనియర్ లెక్చరర్, డిగ్రీ లెక్చరర్ నోటిఫికేషన్లు ‘సంబంధిత సబ్జెక్టులో పీజీ’ అడుగుతాయి. పట్టా మీద బీఎస్-ఎంఎస్ అని మాత్రమే ఉండి సబ్జెక్టు పేరు లేకపోతే సర్టిఫికెట్ల పరిశీలన బల్ల దగ్గర తిప్పలు. బోటనీ, జువాలజీ అని విడివిడిగా అడిగే పోస్టులకు ‘బయాలజీ’ చెల్లుతుందా అన్నది ఇంకో మెలిక, అది ఆ నోటిఫికేషన్‌ను బట్టి ఉంటుంది. టీచింగే మీ లక్ష్యమైతే, ఊళ్లో సబ్జెక్టు పేరుతో చేసే ఎమ్మెస్సీకే గొడవ తక్కువ, మొహమాటం లేకుండా చెబుతున్నాను. పరిశోధన వైపు మనసుంటే బీఎస్-ఎంఎస్ సీటు వదులుకోవద్దు.

చేరిన మొదటి వారంలో అకడమిక్ ఆఫీసుకు వెళ్లి మూడు విషయాలు అడిగి జవాబు ఈమెయిల్‌లో తీసుకోండి: పట్టా మీద గానీ మార్కుల జాబితా మీద గానీ మేజర్ పేరు వేస్తారా, మేజర్‌కు సీట్ల పరిమితి లేదా సీజీపీఏ షరతు ఉందా, నాలుగేళ్లకే బీఎస్‌తో బయటకు రావచ్చా. నోటిమాటగా చెబితే ఊరుకోవద్దు.